తిరగని బంతితోనే తిప్పలు

2024 అక్టోబరులో న్యూజిలాండ్‌తో పుణెలో జరిగిన టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో, ఎడమచేతి వాటం స్పిన్నర్ మిచెల్ శాంట్నర్ వేసిన ఒక ఫుల్‌టాస్‌ను విరాట్ కోహ్లి అడ్డంగా లాగబోయి బౌల్డయ్యాడు. నేలను తాకకుండానే వచ్చిన బంతి అది. తిరగడమన్న ప్రసక్తే లేదు. అయినా ఆ రోజు నుంచి అభిమానుల నోట నానుతూ వచ్చిన మాట ఒక్కటే: మనవాళ్లు స్పిన్ ఆడటం మరిచిపోయారు. ఏడాది తర్వాత దక్షిణాఫ్రికా వచ్చి రెండు టెస్టులూ గెలిచి వెళ్లాక ఆ మాట తిరుగులేని తీర్పులా స్థిరపడిపోయింది. ఈ తీర్పులో నిజం లేకపోలేదు. అయితే భారత బ్యాట్స్‌మెన్‌ను ముంచుతున్నది అభిమానులు ఊహించుకునేట్టు గిర్రున తిరిగే బంతి కాదు. తిరుగుతుందనుకుంటే తిరగకుండా నేరుగా దూసుకొచ్చే బంతి. ఈ తేడాను గుర్తించకపోతే ఎవరిని తిట్టాలో తేలదు, ఏం మార్చాలో అంతకన్నా తేలదు.

ముందు లెక్క సరిచూసుకోవాలి. 2013 నుంచి సొంతగడ్డపై వరుసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచిన జట్టు న్యూజిలాండ్ చేతిలో 0-3తో, దక్షిణాఫ్రికా చేతిలో 0-2తో ఓడింది. ఈ ఓటములన్నిటినీ స్పిన్ ఖాతాలో వేయడం సరికాదు. బెంగళూరులో 46 పరుగులకే ఆలౌటై స్వదేశంలో తన అత్యల్ప స్కోరు నమోదు చేసిన రోజు, జట్టును కూల్చింది మ్యాట్ హెన్రీ, విలియమ్ ఓరూర్క్ అనే ఇద్దరు పేసర్లు. గువాహటిలో మొదటి ఇన్నింగ్స్ నడ్డి విరిచింది మార్కో యాన్సెన్ బౌన్సర్లు. అతనికి 48 పరుగులకు ఆరు వికెట్లు దక్కాయి. ఆ రెండూ వేరే జబ్బులు. స్పిన్ మీద మోపాల్సిన కేసులో ఉండేవి పుణె, ముంబై, కోల్‌కతా, గువాహటి రెండో ఇన్నింగ్స్. అంతకుముందువి చూస్తే 2017 నాటి పుణె, 2023 నాటి ఇందౌర్, 2024 జనవరి నాటి హైదరాబాద్ కూడా ఈ జాబితాలోకే వస్తాయి. అంటే ఇది ఒక్క కోచ్ హయాంలోనో, ఒక్క కెప్టెన్ పొరపాటువల్లనో హఠాత్తుగా పుట్టుకొచ్చింది కాదు. 2017లోనే పొగ కనిపించింది. వరుస విజయాల మధ్య ఎవరూ పట్టించుకోలేదు.

ఆ 2017 పుణె టెస్టునే తీసుకుంటే, ఆస్ట్రేలియా ఎడమచేతి వాటం స్పిన్నర్ స్టీవ్ ఓకీఫ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ 35 పరుగులకు ఆరేసి వికెట్లు తీసుకున్నాడు. భారత్ 105, 107 పరుగులకు కుప్పకూలి 333 పరుగుల తేడాతో ఓడింది. ఓకీఫ్ ఎప్పుడూ మాయగాడు కాదు. ఆస్ట్రేలియా లెగ్‌స్పిన్నర్ షేన్ వార్న్‌లా గాలిలో బంతిని తేలించి దించలేదు, మురళీధరన్‌లా మణికట్టు మెలి తిప్పలేదు. ఒకే చోట, ఒకే వేగంతో వేసుకుంటూ పోయాడు. మిగతా పని పిచ్ చూసుకుంది. ఈ రకం బౌలింగ్ ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాతి ఎనిమిదేళ్ల కథంతా దాదాపు దీని చుట్టూనే తిరుగుతుంది.

భారత్‌లో టెస్టులు ఎస్‌జీ బంతితో ఆడతారు. చేత్తో కుట్టిన ఆ బంతికి కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. పొడిబారిన పిచ్‌పై ఆ కుట్టు నేలను పట్టుకుంటే బంతి తిరుగుతుంది. నున్నటి పక్క నేలకు తగిలితే తిరగకుండా జారిపోతుంది. రెండు బంతులూ ఒకే చేతి నుంచి ఒకే తీరులో వస్తాయి. ఏది తిరుగుతుందో ఏది నిలువుగా వస్తుందో చాలాసార్లు వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడు చేతి కదలికను చూసి పోల్చుకోవడం అయ్యే పని కాదు. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్‌కు ఎడమచేతి వాటం స్పిన్నర్ బంతి బయటికి తిరిగి స్లిప్‌లో క్యాచ్ పోతుందన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ఆ భయంతో అతను బ్యాట్‌ను బయటి గీతకు జరుపుతాడు. బంతి తిరగకుండా లోపలికే వచ్చి ప్యాడ్‌కో వికెట్‌కో తగులుతుంది. ఒకసారి అలా అవుటైనవాడు రెండో ఇన్నింగ్స్‌లో లోపలి గీతను కాపాడుకోబోతే, ఈసారి బంతి తిరిగి అంచును తీసుకుపోతుంది. పెద్ద టర్న్ ఉన్న బంతి అంచుకు కూడా తగలకుండా పోయి బ్యాట్స్‌మన్‌ను బతికిస్తుంది. కొద్దిగా తిరిగేదీ, అసలు తిరగనిదీ చంపుతాయి. అక్షర్ పటేల్ 2021లో ఇంగ్లండ్‌పై మూడు టెస్టుల్లో 27 వికెట్లు తీసిన రహస్యం ఇదే. ఆ సిరీస్‌లో భారత అభిమానులు కేరింతలు కొట్టిన దృశ్యాన్నే శాంట్నర్ 2024లో జెర్సీ మార్చి చూపించాడు: పుణెలో 157 పరుగులకు 13 వికెట్లు.

దీనికి తోడు 2016లో భారత్ సొంతగడ్డపై డీఆర్‌ఎస్‌కు, అంటే అంపైర్ తీర్పును యంత్రాల సాయంతో సమీక్షించే పద్ధతికి ఒప్పుకుంది. పాత తరం బ్యాట్స్‌మెన్ ముందుకాలు బాగా చాచి, బ్యాట్‌ను ప్యాడ్ వెనక దాచి, బంతిని ప్యాడ్‌తో ఆపి గంటలకు గంటలు గడిపేవారు. కాలు అంత ముందుకు చాచాడు కాబట్టి అనుమానం బ్యాట్స్‌మన్ పక్షమేనని అంపైర్లు వేలు ఎత్తేవారు కాదు. బంతి గమనాన్ని లెక్కగట్టే యంత్రానికి అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. వికెట్లను తాకుతుందని తేలితే కాలు ఎంత చాచినా అవుటే. ప్యాడ్‌తో ఆపే దారి మూసుకుపోవడంతో ప్రతి బంతినీ బ్యాట్‌తోనే ఎదుర్కోక తప్పలేదు. బ్యాట్‌తో ఎదుర్కొన్న ప్రతిసారీ దగ్గరలో కాచుకునే సిల్లీ పాయింట్, షార్ట్ లెగ్ ఫీల్డర్లకు ఆశ. స్పిన్ ఎదుర్కొనే విద్యలో ఒక సగం ఇలా చట్టవిరుద్ధమైంది. ఆ స్థానంలో కొత్త విద్యేదీ క్రమపద్ధతిలో వచ్చి చేరలేదు.

హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో 2024 జనవరి 28న సాయంత్రం జరిగింది దీనికి చక్కటి ఉదాహరణ. మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం సంపాదించిన భారత్‌కు నాలుగో ఇన్నింగ్స్‌లో లక్ష్యం 231. తొలి టెస్టు ఆడుతున్న ఇంగ్లండ్ ఎడమచేతి వాటం స్పిన్నర్ టామ్ హార్ట్లీ 62 పరుగులకు ఏడు వికెట్లు తీశాడు. యశస్వి జైస్వాల్, శుభ్‌మన్ గిల్ ఇద్దరూ బ్యాట్‌కు దగ్గరలో కాచుకున్న ఓలీ పోప్‌కే క్యాచ్‌లు ఇచ్చారు. రోహిత్ శర్మ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. చేతులు గట్టిగా పట్టేసి బంతిని ముందుకు నెడితే అది గాలిలోకి లేస్తుంది. చేతులు వదులు చేసి బంతి తనంతట తాను చచ్చేటట్టు ఆడితే కాళ్ల దగ్గరే పడుతుంది. ఈ వదులు చేతులే ఆ సాయంత్రం కరువయ్యాయి. కాసేపు నిలకడ చూపింది విశాఖపట్నం వికెట్ కీపర్ కె.ఎస్.భరత్, అశ్విన్. ఇద్దరూ చెరి 28 పరుగులు చేసి, ఎనిమిదో వికెట్‌కు 57 జోడించారు. అయినా భారత్ 28 పరుగుల తేడాతోనే ఓడింది. ఆ తర్వాత నాలుగు టెస్టులూ గెలిచి సిరీస్‌ను 4-1తో ముగించడంతో ఉప్పల్ పాఠం ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

పోయిన విద్య గురించి మాట్లాడేటప్పుడు పాత తరాన్ని ఆకాశానికెత్తడం అభిమానుల అలవాటు. తెలుగునాట ఆ అలవాటు మరీ ఎక్కువ. అందుకు హైదరాబాదీ వి.వి.ఎస్.లక్ష్మణ్ కారణం. 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ ఆడుతూ అతను చేసిన 281 పరుగుల్లో, లెగ్‌స్టంప్ బయట గరుకు నేలలో వార్న్ వేసిన బంతులను ముందుకొచ్చి ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి మిడ్‌వికెట్ మీదుగా తరలించిన దృశ్యాలు చూసినవారెవరూ మరిచిపోరు. మూడేళ్ల ముందు చెన్నైలో సచిన్ 155 నాటౌట్ వెనకా కఠోర సాధన ఉంది. వార్న్ గరుకు నేలలో వేయబోయే బంతులకు సిద్ధం కావడానికి మాజీ లెగ్‌స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్‌తో అదే చోట బంతులు వేయించుకున్నాడు. అదే టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో సచిన్ 4 పరుగులకే వార్న్‌కు దొరికిపోయాడన్న సంగతి మాత్రం కథ చెప్పేవారు తరచూ దాటేస్తారు.

అయితే వార్న్ బంతి గాలిలో ఎక్కువసేపు ఉండేది. బ్యాట్స్‌మన్‌కు ముందుకు రావాలో వెనక్కి వెళ్లాలో తేల్చుకునే వ్యవధి దొరికేది. జడేజా, అక్షర్ వంటి నేటి స్పిన్నర్లు గంటకు 90 కిలోమీటర్లకు పైగా వేగంతో, తక్కువ ఎత్తులో, స్టంప్స్ మీదికే వేస్తారు. క్రీజు వదిలి వచ్చే వ్యవధి ఉండదు. పైగా దుమ్ము రేగే పిచ్‌లపై ఆ మహామహులూ తడబడ్డారు. 2004లో ముంబై వాంఖెడేలో ద్రవిడ్, సచిన్, లక్ష్మణ్ ఉన్న జట్టు రెండో ఇన్నింగ్స్‌లో 205 పరుగులకు ఆలౌటైనప్పుడు, అప్పుడప్పుడు బంతి పట్టే మైకేల్ క్లార్క్ 9 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. 107 లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 93కే కూలింది కాబట్టి ఆ టెస్టు విజయంగా మిగిలింది. లేదంటే క్లార్క్ పేరు ఈపాటికి ఒక సామెత అయ్యేది. 1987లో బెంగళూరులో గావస్కర్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో పాకిస్తాన్ స్పిన్నర్లు ఇక్బాల్ ఖాసిం, తౌసిఫ్ అహ్మద్‌లను ఎదుర్కొని 96 చేసినా జట్టు 16 పరుగులతో ఓడింది. అలాంటి పిచ్‌పై ఒక మహాబ్యాట్స్‌మన్ గొప్పగా ఆడగలడు. పదకొండు మందీ గొప్పగా ఆడటం ఎన్నడూ జరగలేదు.

ఇక్కడే బ్యాట్స్‌మెన్‌ను వదిలి పిచ్‌ల వైపు చూడాల్సి వస్తుంది. 2016-17లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు ముంబైలో మొదటి ఇన్నింగ్స్‌లో 400 పరుగులు చేసి ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. చెన్నైలో 477 చేసి మళ్లీ ఇన్నింగ్స్ తేడాతోనే ఓడింది. భారత్ ముంబైలో 631, చెన్నైలో 7 వికెట్లకు 759 చేసింది. కోహ్లి 235, కరుణ్ నాయర్ 303 నాటౌట్, తొమ్మిదో స్థానంలో వచ్చిన జయంత్ యాదవ్ కూడా శతకం. బ్యాటింగ్‌కు సహకరిస్తూ మెల్లగా విరిగే పిచ్‌లవి. అలాంటి చోట ప్రత్యర్థి స్పిన్నర్ ఒకే చోట బంతి వేస్తే చాలదు. గాలిలో, వేగంలో, కోణంలో మార్పులు చేయాలి. అశ్విన్‌కు ఆ నేర్పు ఉండేది, వచ్చినవాళ్లకు లేదు. మంచి పిచ్‌పై ఈ తేడా అంతా బయటపడుతుంది, మొదటి రోజే తిరిగే పిచ్‌పై మాసిపోతుంది. ఓకీఫ్, హార్ట్లీ, ఇందౌర్‌లో ఆడిన ఆస్ట్రేలియా స్పిన్నర్ కునెమన్, శాంట్నర్ వంటివారు అశ్విన్, జడేజాలతో సమానంగా కనిపించింది అలాంటి పిచ్‌లపైనే. ఈ సూత్రం 2012లోనే తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌పై అహ్మదాబాద్‌లో గెలిచాక కూడా కెప్టెన్ ధోని మరింత తిరిగే పిచ్ కావాలని బాహాటంగా అడిగాడు. ముంబైలో అడిగినట్టే ఇచ్చారు. ఇంగ్లండ్ స్పిన్నర్లు పనేసర్ 11, స్వాన్ 8 వికెట్లు పంచుకున్నారు. భారత్ పది వికెట్లతో ఓడింది.

తిరిగే పిచ్‌ల మోజు 2019 తర్వాత పెరగడానికి మరో కారణం ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్. గెలుపుకు 12 పాయింట్లు, డ్రాకు 4 మాత్రమే వచ్చే లెక్కలో సొంతగడ్డపై డ్రా అంటే సగం ఓటమే. 2025 అక్టోబరులో ఢిల్లీలో ఫాలోఆన్ ఆడిన వెస్టిండీస్ 390 పరుగులు చేసి మ్యాచ్‌ను అయిదో రోజుకు లాగింది. ఆ విసుగే మరుసటి నెల కోల్‌కతా పిచ్‌కు దారితీసిందని అనుకోవడానికి ఆస్కారముంది. మ్యాచ్ ఓడాక కోచ్ గౌతమ్ గంభీర్ అది తాము అడిగిన పిచ్చేనని ఒప్పుకోవడంతో పిచ్ తయారుచేసే క్యురేటర్‌ను నిందించే వీలు కూడా లేకపోయింది.

ఆ కోల్‌కతా టెస్టు మూడు రోజుల్లో ముగిసింది. దక్షిణాఫ్రికా 159, భారత్ 189, దక్షిణాఫ్రికా 153, భారత్ 93. లక్ష్యం 124. మెడ పట్టేసిన గిల్ రెండో ఇన్నింగ్స్‌లో బ్యాటింగ్‌కు రాలేదు. ఆఫ్‌స్పిన్నర్ సైమన్ హార్మర్ రెండు ఇన్నింగ్స్‌లోనూ నాలుగేసి వికెట్లు తీశాడు. భారత తుది జట్టులో ఆరుగురు ఎడమచేతి వాటం ఆటగాళ్లు ఉండటం అతనికి వరమైంది. ఎడమచేతి వాటం వారికి ఆఫ్‌స్పిన్ బయటికి తిరుగుతుంది. తిరగనిది ప్యాడ్‌కో వికెట్‌కో వెళ్తుంది. ఓకీఫ్ కుడిచేతి వాటం వారికి పెట్టిన పరీక్షనే హార్మర్ అద్దంలో చూపినట్టు తిరగేసి పెట్టాడు. ఇంత గందరగోళంలోనూ మ్యాచ్ మొత్తంలో ఒకే ఒక అర్ధశతకం నమోదైంది. దక్షిణాఫ్రికా కెప్టెన్ తెంబా బవుమా 136 బంతులు ఎదుర్కొని 55 పరుగులతో అజేయంగా నిలిచాడు. పొట్టివాడు కావడంతో బంతి కిందికి సులువుగా వంగగలిగాడు. ముందుకు వెళితే పూర్తిగా వెళ్లాడు, వెనక్కి వెళితే వికెట్ల దాకా వెళ్లాడు, చేతులు వదులుగా ఉంచాడు. అంచు దాటి బంతి పోయినప్పుడు దాని వెంటపడలేదు. తిరగని బంతికి ఆడి, తిరిగినదాన్ని పోనిచ్చాడు. పుణె నుంచి కోల్‌కతా వరకు అందరూ వెతికిన జవాబు ఇదే, అదీ ప్రత్యర్థి బ్యాట్ నుంచి వచ్చింది.

ఇంకో జవాబూ ఉంది, కానీ అందరికీ అబ్బదు. 2024 నవంబరులో ముంబైలో 147 లక్ష్యంతో దిగిన భారత్ 29 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు రిషభ్ పంత్ 57 బంతుల్లో 64 కొట్టాడు. మొదటి ఇన్నింగ్స్‌లోనూ అతనిది 60. ముందుకొచ్చి న్యూజిలాండ్ స్పిన్నర్ ఎజాజ్ పటేల్ లెంగ్త్‌ను చెడగొట్టడం అతని పద్ధతి. బౌలర్ ఒకే చోట వేయలేకపోతే నేరుగా వచ్చే బంతి ముప్పు తగ్గుతుంది. ఉప్పల్‌లో పోప్ స్వీపులు, రివర్స్ స్వీపులతో 196 చేసి సాధించిందీ అదే. పంత్ అవుటయ్యాక మిగిలినవారు నిలవలేక జట్టు 121కి ఆలౌటైంది, 25 పరుగులతో ఓడింది.

అభిమానులు ఈ ఓటములను తమ తమ దేవుళ్ల చుట్టూ అల్లుకున్నారు. న్యూజిలాండ్ సిరీస్‌లో ఆరు ఇన్నింగ్స్‌లలో కోహ్లి చేసినవి 93, రోహిత్ చేసినవి 91. ఇద్దరి అభిమానులూ ఆ రెండు పరుగుల తేడా మీదా వాదించుకోగలరు. (93 అనే అంకె ఈ కథలో ఎందుకిన్నిసార్లు ఎదురవుతుందో దానికే తెలియాలి.) ఇద్దరూ 2025 మేలో టెస్టుల నుంచి తప్పుకున్నారు. వెనువెంటనే గిల్ నాయకత్వంలో కుర్రాళ్లు ఇంగ్లండ్‌లో సిరీస్‌ను 2-2గా ముగించారు, గిల్ ఒక్కడే 754 పరుగులు చేశాడు. పెద్దలు పోయారు, పీడ విరగడైందని సంబరపడినవారికి నవంబరు జవాబు చెప్పింది. ఇంగ్లండ్‌లో బంతి బ్యాట్‌పైకి చక్కగా వస్తే మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. ఆగి వచ్చే బంతి, జారి వచ్చే బంతి కలగలిసిన చోటే ఇబ్బంది. పేర్లు మారినా అది మారలేదు కాబట్టి రోగం వ్యక్తులది కాదు, తర్ఫీదుది.

తర్ఫీదుకు సమయమెక్కడిది అన్నది అసలు ప్రశ్న. కోహ్లి 2025 జనవరిలో ఢిల్లీ తరఫున రంజీ మ్యాచ్ ఆడినప్పుడు అది పన్నెండేళ్ల తర్వాత అతని మొదటి రంజీ. కోల్‌కతా టెస్టు నవంబరు 14న మొదలైతే, అందులో ఆడిన కొందరు 8వ తేదీన బ్రిస్బేన్‌లో టీ20 జట్టుతో ఉన్నారు. ముందుకాలు పక్కకు తీసి బ్యాట్ ఊపడానికి దారి చేసుకునే ఆటకూ, ముందుకాలు బంతి దాకా తీసుకెళ్లి బ్యాట్‌ను దాని పక్కనే వదులుగా నిలిపే ఆటకూ మధ్య ఆరు రోజులు సరిపోవు. టీ20ని తిట్టడం తేలిక. పంత్ ధైర్యం, జైస్వాల్ సిక్సర్లు కూడా అక్కడి నుంచే వచ్చాయని మరిచిపోకూడదు. కానీ అది నేర్పని ఒకే ఒక్క విషయం ఓపికగా ఆపడం. ఆ ఆటలో ఆపిన బంతి వృథా బంతి.

ఆపే పనికి ఒకప్పుడు జట్టులో ఒక మనిషి ఉండేవాడు. పుజారా 2013లో ఉప్పల్‌లో ఆస్ట్రేలియాపై 204 చేసినప్పుడు మురళీ విజయ్‌తో కలిసి 370 పరుగులు జోడించాడు. 2017లో రాంచీలో 525 బంతులాడి 202 చేశాడు. అతను ఆడుతున్నంతకాలం అభిమానులు నిద్ర వస్తోందని విసుక్కున్నారు. 2023 జూన్ తర్వాత అతనికి టెస్టు దక్కలేదు. మూడో స్థానంలో గిల్, సాయి సుదర్శన్, కరుణ్ నాయర్ వచ్చి వెళ్లారు. కోల్‌కతాలో వాషింగ్టన్ సుందర్‌ను పంపారు. 93 పరుగుల కూలుడులో అతను 92 బంతులాడి 31 చేశాడు, అదే జట్టులో అత్యధికం. వారం తిరిగేసరికి గువాహటిలో అతన్ని కిందికి దించి సుదర్శన్‌ను మళ్లీ తెచ్చారు. 549 లక్ష్యం ముందు, 408 పరుగుల ఓటమి ఖాయమవుతున్న ఇన్నింగ్స్‌లో, సుదర్శన్ 139 బంతులు ఆడి 14 పరుగులు చేశాడు. అభిమానుల్లో ఎక్కువమంది ఆ 14ను చూసి నవ్వుకున్నారు. ఆ 139ని లెక్కపెట్టినవారు తక్కువ.